డ్రాఫ్ట్‌లో పదకొండు రోజులు

"ఈ అక్క ఎవరండీ?"

తలెత్తి చూసేసరికి మన ప్రోగ్రామర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎదురుగా భూతద్దం! ఆ టెస్టర్ అమ్మాయికి ఆఫీసంతా పెట్టుకున్న పేరది. అతను రాసిన మెయిల్ ప్రోగ్రాంలో తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. ఆమెనే చూస్తూ కూర్చోవడం, ఎవరూ అప్పగించకపోయినా, అతని ఉద్యోగం.

పావుగంట క్రితమే ఆ ప్రోగ్రాంలోంచి ఆమెకు మెయిల్ పంపాడు. "మీరంటే నాకు ఇష్టం" అని మొదలై, మళ్లీ అదే మాటతో ముగిసే మెయిల్. 'నా కళ్లతో చూస్తేగానీ నువ్వు పంపావంటే నమ్మనురా' అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన అక్కకి, ఆమె పేరు ఎవరికీ కనబడని బ్లైండ్ కాపీ పెట్టాడు.

"ఏ... ఏ అక్క?"

ఆమె లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. ఆమె పేరు కిందే 'అక్క' అన్న పేరుతో సహా అక్క అడ్రసు నిక్షేపంలా కూర్చుని ఉంది.

"ప్రేమలేఖకి ప్రేక్షకులు కూడానా? టిక్కెట్లు పెట్టలేకపోయారూ!"

"అయ్యో, అది కనబడకూడదండీ! ఎవరెవరికి ఇవ్వాలో కవరు మీద రాసినట్టు సర్వర్‌కి విడిగా చెప్తాం. లోపలి ఉత్తరంలోంచి బ్లైండ్ కాపీ లైను చెరిపేస్తాం. ఆ చెరిపే కోడ్ నేనే రాశాను!"

"భేషుగ్గా రాశారు. ఐదింటికి రిలీజ్. ఇది ఇలాగే బయటికెళ్తే ఎంతమంది గుట్టు రట్టవుతుందో! ఇప్పుడే బగ్ రిపోర్టు రాయాలి. తప్పు దొరికిన మెయిల్ కూడా జత చేసి టీమ్ మొత్తానికీ పంపాలి."

అతనికి ముచ్చెమటలు పోశాయి. "మీకు పుణ్యముంటుంది, ఆ ఒక్కటీ వద్దు!"

ఆమె మూతి బిగించింది. కోపమో, ఆపుకుంటున్న నవ్వో తెలియలేదు. ఏదైనా సరే బాగుందనే అనుకున్నాడు, ఆ కంగారులోనూ.

"నేను వందసార్లు పంపి చూశాను, ఒక్కసారీ ఇలా రాలేదు. మీరేం చేశారో వరసగా చెప్పండి," అందామె.

"రాశాను. పంపాను."

"వెంటనేనా?"

"పంపకుండా డ్రాఫ్ట్‌లో... కొన్నాళ్లు దాచి ఉంచాను."

"ఎన్నాళ్లు?"

"పదకొండు రోజులు," నేల చూపులు చూస్తూ గొణిగాడు. "రోజూ తెరిచి చదువుకుని, ధైర్యం చాలక మూసేసేవాణ్ణి."

ఆమె వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. చెవులు ఎర్రబడ్డాయి. మరుక్షణం కుర్చీలోంచి ఎగిరి లేచింది.

"దొరికింది! మేం టెస్టర్లం రాసిన వెంటనే పంపేస్తాం. డ్రాఫ్ట్‌లో దాచి పంపితేనే ఆ లైను మిగిలిపోతోంది! మీలాంటి భయస్తుడు ఉండబట్టి సరిపోయింది!"

ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బయట వాన దంచి కొడుతోంది. బగ్ రిపోర్టుకి ఆమె అతని ఉత్తరం బదులు, డ్రాఫ్ట్‌లోంచి కొత్తగా పంపిన ఓ ఉత్త మెయిల్‌ని జత చేసింది. అతను కోడ్ సరిచేస్తున్నాడు. భుజం తగిలినప్పుడల్లా ఓ అక్షరం తప్పు పడుతోంది, ఆమె వేలితో చూపిస్తోంది. నాలుగున్నరకి పని పూర్తయింది.

"మరి... నా మెయిల్‌కి జవాబు?"

"ముందు టెస్టు!" అంటూ ఆమె తన సీటుకి పరుగెత్తింది. "డ్రాఫ్ట్‌లో పెట్టి పంపుతున్నా. పైన ఎవరి పేర్లున్నాయో చూడండి!"

మెయిల్ వచ్చింది. అతని కళ్లు పై లైన్ల మీదే ఉన్నాయి. "నా పేరొక్కటే!" అని కేకేశాడు.

అంతలో ఫోను. అక్క!

"ఒరేయ్ తమ్ముడూ, ఒప్పుకుందిరా!"

"నీకెలా తెలుసు?"

"నాకూ వచ్చిందిగా మెయిల్! కింద చదవలేదా మొద్దూ?"

చదివాడు. 'నాకూ మీరంటే ఇష్టం. పదకొండు రోజులు వృథా చేశారు. అక్కగారికి కూడా ఈ సంగతి తెలియాలి, కానీ ఆవిడ పేరు మీకు కనబడకూడదు. కనబడకపోతే టెస్టు పాస్.'

"ఆదివారం ఇంటికి తీసుకురా. అమ్మానాన్నలకి నేను చెప్పేస్తున్నా!" ఫోనులో అక్క అరుస్తూనే ఉంది.

అతను లేచాడు. అటు ఆమె కూడా లేచి నిలబడింది. ఈసారి డ్రాఫ్ట్‌లో పెట్టలేదు. నడిచి వెళ్లి, ఆఫీసంతా వింటుండగా, ఆ మాట నోటితోనే చెప్పేశాడు.