దశరథం సార్ చెప్పని పేరు

"ఇంకో రౌండ్! ఆగొద్దు, ఉరుకు!"

మైదానం మధ్యలో నిలబడి శ్రీజ కేకేసింది. ఏడో తరగతి ఖోఖో జట్టుకు ఆమే కెప్టెన్. వనపర్తిలో సెలక్షన్లకు ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. జట్టులో అందరికన్నా నెమ్మది శైలజ. ఆ రోజు ప్రాక్టీసులో మూడుసార్లు దొరికిపోయింది. అందుకే ఐదు రౌండ్ల శిక్ష.

ఆట మొదలుకాకముందే హెడ్మాస్టర్ పిలిస్తే, ఆటలు నేర్పే పీఈటీ దశరథం సార్ ఆఫీసు గదికి వెళ్లాడు. "ఎండ మస్తుగున్నది. నేనొచ్చేదాక నీడకు కూసోండ్రి. ఎవ్వరూ ఉరకొద్దు" అని చెప్పి మరీ వెళ్లాడు.

శ్రీజకు ఆ మాట నచ్చలేదు. నీడలో కూర్చుంటే గెలుస్తామా?

"కండ్లు తిరుగుతున్నయే శ్రీజా" అంది శైలజ మూడో రౌండులో.

"నాటకాలు ఆడకు. ఉరుకు!"

నాలుగో రౌండు సగంలో శైలజ కుప్పకూలింది. నుదురు రాయికి తగిలింది. మట్టి మీద రక్తం.

‘ఉరుకు’ అన్న శ్రీజ అరుపు అప్పటికే వరండా దాకా వినబడింది. సార్ పరుగెత్తుకొచ్చాడు. చేతిరుమాలు గాయానికి అదిమిపెట్టి, శైలజను రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"పొద్దున ఏమన్న తిన్నవా బిడ్డా?"

శైలజ లేదన్నట్టు తలూపింది. వాళ్ల అమ్మానాన్నలు పని కోసం పుణె పోయారు. ఇంట్లో ఉన్న అవ్వ సాయమ్మకు రెండు రోజులుగా జ్వరం. పొయ్యి వెలగలేదు. ఆట మొదలుపెట్టే ముందు సార్ ఒక్కొక్కరినీ తిన్నారా అని అడిగేవాడు. ఆ రోజు సార్ రాకముందే ఆట మొదలుపెట్టించిన శ్రీజ అడగలేదు.

సార్ ఆటోలో శైలజను దవాఖానకు తీసుకుపోయాడు. నాలుగు కుట్లు పడ్డాయి.

మర్నాడు సాయమ్మ జ్వరంతోనే బడికొచ్చింది. శైలజ ఇంట్లో ఎవరి పేరూ చెప్పలేదు. హాజరు పుస్తకం తెచ్చిన శ్రీజ ఆఫీసు గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"తల్లీదండ్రీ కాడ లేని పిల్ల సారూ! ఎండల గట్ల ఉరికిస్తరా? నీకు పిల్లలు లేరా?"

సాయమ్మ దశరథం సార్ మీద అరిచింది.

"ఉరకమన్నది ఎవరు?" హెడ్మాస్టర్ అడిగాడు.

సార్ చూపు గుమ్మం వైపు వచ్చింది. ఆ చూపు అంతలోనే వెనక్కి మళ్లింది.

"పిల్లలను ఇడిసిపెట్టి వచ్చింది నేను సార్. తప్పు నాదే."

సార్‌కు మెమో ఇచ్చారు. జట్టును సెలక్షన్లకు పంపేది లేదన్నారు. ఆటల పీరియడ్లో లెక్కలు చెప్పడం మొదలైంది. "సార్ వల్లనే గిట్లయ్యింది" అని జట్టంతా గొణిగింది. ఆ మాటలు విన్న శ్రీజకు రెండు పూటలు అన్నం ముద్ద దిగలేదు.

శైలజ పడిన మూడు రోజులకు స్టోర్ గదిలో సార్ ఒక్కడే కూర్చుని చిరిగిన వాలీబాల్ నెట్టు కుడుతున్నాడు.

"సార్, నా పేరు ఎందుకు చెప్పలె?" శ్రీజ అడిగింది.

సార్ తలెత్తాడు. కోపం లేదు. బాగా అలసిపోయిన ముఖం.

"నా తప్పు నేను చెప్పిన బిడ్డా."

మళ్లీ నెట్టు అందుకున్నాడు.

శ్రీజ తిన్నగా హెడ్మాస్టర్ గదికి నడిచింది.

"సార్ ఉరకొద్దన్నడు. నేనే ఉరికిచ్చిన."

హెడ్మాస్టర్ కళ్లద్దాలు తీసి చూశాడు. "మెమో ఇచ్చేశాం. సెలక్షన్లు రేపే. ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"లాభం గురించి కాదు సార్. సాయమ్మవ్వ తిట్టిన తిట్లు సార్‌వి కావు. నాయి."

హెడ్మాస్టర్ కాగితం తీసుకుని శ్రీజ మాటలు రాసుకున్నాడు.

బడి విడిచాక శ్రీజ ఇంటికి పోలేదు. ఊరి చివర శైలజ ఇంటి ముందు ఆగింది. సాయమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"అవ్వా, ఎండల శైలజను ఉరికిచ్చింది నేను. సార్ కాదు."

సాయమ్మ తిట్టింది. గొంతు బొంగురుపోయేదాకా తిట్టింది. శ్రీజ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా పక్కకు జరగలేదు. అంతా నిలబడి విన్నది.

తిట్టీ తిట్టీ సాయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. లోపల చాప మీద, నుదుట కట్టుతో పడుకున్న శైలజ కొంచెం గోడ వైపు జరిగి చోటిచ్చింది.

శ్రీజ చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, ఆమె పక్కన కూర్చుంది.