అమ్మ ముద్ద

సాయంత్రం ఆరున్నరకు మెట్ల మీద రద్దీ మొదలైంది. కాకినాడలో ఆ వేళకు ఏ భవనంలో చూసినా ఇంతే. లిఫ్టులు ఖాళీగా తిరుగుతుంటాయి. జనమంతా రాత్రి భోజనం కోసం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటారు.

"మధ్యాహ్నం ఒక్క గారె తిన్నానమ్మా హైమా," అన్నాడు ఐదో అంతస్తు ప్రకాశరావు, రొప్పుతూ. "ఒకటంటే ఒక్కటే. అది నన్ను నాలుగుసార్లు కిందకీ పైకీ తిప్పింది. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ కూడా ఇంత తిప్పలేదు."

"మరి కొబ్బరి చట్నీ మాట చెప్పరేం బాబాయ్ గారూ?"

"ఆయ్, దాని మెట్లు రేపెక్కుతాను."

హైమ నవ్వింది. నవ్వినా నోట్లో చేదు అలాగే ఉంది.

ఆమె కుడి దవడలో, చివరి పంటి కింద, బియ్యపుగింజంత యంత్రం ఉంది. దాన్ని చేదుపన్ను అంటారు. తిన్న కేలరీలు ఎన్నో, నడకలోనూ పనిలోనూ ఒళ్లు ఖర్చు పెట్టినవి ఎన్నో అదే చూసుకుంటుంది. తిండి హద్దు దాటితే నాలుక మీదికి చేదు వదులుతుంది. అప్పుడు మంచినీళ్లు తప్ప ఏది నోట్లో పెట్టినా వేపాకు నమిలినట్టే. కష్టపడి నడిస్తే ఆ చేదు మెల్లగా విరుగుతుంది. నోరు కట్టుకోలేక విసిగిపోయిన జనానికి అది వరంలా దొరికింది. హైమ కూడా ఎవరి బలవంతమూ లేకుండానే పెట్టించుకుంది. అప్పుడు ఎనభై ఆరు కిలోలు ఉండేది. మోకాళ్లు పట్టేసేవి, షుగరు గుమ్మంలోకి వచ్చిందని డాక్టరు చెప్పాడు. ఎనిమిది నెలల్లో డెబ్బై ఒకటికి దిగింది. మోకాళ్ల నొప్పి పోయింది. చేదుపన్ను తాను చేస్తానన్నది చేసింది.

ఇంట్లోకి వచ్చేసరికి అత్తగారు నూకరత్నం మనవరాలి ముందు కూర్చుని ఉంది. కంచంలో పప్పన్నం, నెయ్యి, ఓ మూల ఆవకాయ. ఆరేళ్ల మృదు రెండు చేతులూ ఒళ్లో దాచుకుంది.

"తినవే తల్లీ. ఎంతసేపు చూత్తావు కంచంకేసి? అన్నం చల్లారిపోతంది."

మృదు తల అడ్డంగా ఊపింది.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. నూకరత్నం తన కొడుక్కి నేర్పింది, తర్వాత మనవరాలికీ నేర్పింది. కంచంలో ఆఖరి ముద్ద అమ్మది. పిల్ల తిన్నంత తిని, మిగిలింది కలిపి, తన చేత్తో అమ్మ నోట్లో పెట్టాలి. అమ్మ కళ్లు మూసుకుని "ఆహా" అనాలి. ఆ "ఆహా" కోసమే మృదు అన్నం గబగబా తినేది. హైమ ఒళ్లు చేయడానికి ఆ ముద్దలు కూడా ఒక కారణమే.

చేదుపన్ను వచ్చాక, సాయంత్రమయ్యేసరికి హైమ హద్దు దాటి ఉండేది. మృదు ముద్ద పెట్టగానే మొహం తనంతట తానే ముడుచుకుపోయేది. ఎవరూ ఓర్చుకోలేనంత చేదుగా ఉండాలనే కదా దాన్ని తయారు చేశారు! హైమ అద్దం ముందు నిలబడి, నోట్లో అన్నం పెట్టుకుని, నవ్వడం అభ్యాసం చేసింది. పెదవులు నవ్వేవి గానీ కళ్లు చెప్పేసేవి. "ఇవాళ వద్దులే అమ్మా" అని చూసింది. "చేదని వద్దంటున్నావు" అంది పిల్ల.

అమ్మ పంటిలో మందు ఉందని నచ్చజెప్పారు. మృదు నమ్మలేదు. పిల్ల పెట్టే ముద్ద నూకరత్నం తిని, "చూడు, పంచదారలా ఉంది" అంది.

"కాకరకాయ కూర కూడా పంచదారలా ఉందన్నావుగా నానమ్మా," అంది మృదు.

నిజమే, నూకరత్నం ఏడాది పాటు ఆ మాట చెప్పే కాకరకాయ తినిపించింది.

ఈ సాయంత్రం హైమ పిల్ల పక్కన కూలబడి, "ఎందుకు ముట్టుకోవు తల్లీ?" అని అడిగింది.

"నేను ముట్టుకోకపోతే అన్నం చేదెక్కదు కదా. మొత్తం నీకే."

బడిలో మృదును తూచి పంపిన చీటీ గోడకు అంటించి ఉంది. మూడు నెలల్లో పంతొమ్మిది కిలోల నుంచి పదహారుకు దిగింది. ఇంట్లో బరువు తగ్గవలసింది ఆ పిల్ల కాదు.

మర్నాడు హైమ తూకం కేంద్రానికి వెళ్లింది. రిబ్కా అనే సిస్టరు ఆమె దవడకు పరికరం ఆనించి చూసి, "బాగా తగ్గారక్కా. అందుకే మీ హద్దు కూడా తగ్గింది," అంది.

"నేను తినేదీ తగ్గించాను కదమ్మా. అయినా సాయంత్రానికి చేదు వచ్చేస్తోంది."

"ఒళ్లు తగ్గితే దాని ఖర్చూ తగ్గుద్దక్కా. చిన్న పొయ్యికి కట్టెలెన్ని కావాలి? మునుపు సరిపోయిన నడక ఇప్పుడు సరిపోదు."

"అయితే తీసెయ్యండి."

"ఏడాది నిండేదాకా రాదు. ఎముకలో నాటుకుని ఉంటది, పన్ను పీకినా పోదు. మధ్యలో తీసే వీలుంటే ప్రతివాళ్లూ పండక్కి తీయించుకుంటారని అలా చేశారు. మీరు సంతకం పెట్టారు కదా."

"నా కూతురు అన్నం మానేసింది."

రిబ్కా తెర మీద చాలాసేపు వెతికింది. నిజంగానే వెతికింది. చివరికి తలెత్తి, "ఈ ఫారంలో మీ గురించే అడుగుతున్నారు. పిల్లల గురించి రాయడానికి గడి లేదక్కా," అంది.

ఆదివారం వచ్చింది. హైమ పొద్దున ఒక గ్లాసు పల్చటి మజ్జిగ తాగింది. ఆ తర్వాత మంచినీళ్లే. పది దాకా సముద్రం ఒడ్డున నడిచింది. మధ్యాహ్నం నుంచి మెట్లు పట్టుకుంది. నాలుగోసారి ఎదురుపడ్డప్పుడు ప్రకాశరావు ఆగిపోయాడు.

"ఏం తిన్నావమ్మా, ఏనుగునా?"

"ఇంకా తినలేదు బాబాయ్ గారూ. సాయంత్రం ఒక ముద్ద తినాలి."

ఆయన పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

ఏడింటికి గోడ పట్టుకుని ఇంట్లోకి వచ్చింది. గోడ మీద, పన్ను లెక్క చూపించే తూకపలకలో తక్కెడ బొమ్మ ఖర్చు వైపు బాగా కిందికి వాలి ఉంది. ఒక ముద్ద కాదు, పది ముద్దలు తిన్నా పన్ను మేలుకోదు.

"మృదూ, ఇవాళ అమ్మ పన్ను నిద్రపోతోంది. ఈ ఒక్కసారి పెట్టవే."

పిల్ల నానమ్మ వంక చూసింది. నూకరత్నం కంచాన్ని మాత్రం దగ్గరికి జరిపింది. తన మాట ఎక్కువైతే చెడుతుందని ఆమెకు తెలిసింది. మృదు మూడు వేళ్లతో పప్పన్నం కలిపింది. చిన్న ముద్ద చేసి అమ్మ నోట్లో పెట్టింది. రెప్ప వేయకుండా అమ్మ మొహంలోకే చూస్తూ నిలబడింది.

పప్పు తగిలింది. నెయ్యి తగిలింది. ఆవకాయ కారం, దాని వెనక నువ్వుల నూనె కమ్మదనం. పిల్ల చేతి వెచ్చదనం. ఎనిమిది నెలలుగా సాయంత్రాలలో అన్నం ఇలా ఉంటుందని హైమ మరిచేపోయింది. పెదవి వణికింది. కళ్ల నిండా నీళ్లు తిరిగి, ఆపుకునే లోపే చెంపల మీదికి జారాయి. అద్దం ముందు చేదును దాచడం నేర్చుకుంది గానీ, దీన్ని దాచడం నేర్చుకోలేదు.

"బాగుందే... చాలా బాగుంది తల్లీ," అంది.

"ఒసే, అది చేదు కాదే!" అని నూకరత్నం కేకేసింది.

మృదు ఎడమచేత్తో తల్లి కన్నీళ్లు తుడిచింది. కాకరకాయ మింగలేకపోయినప్పుడు తనకు అమ్మ ఎలా పట్టేదో అలాగే, కుడి అరచేతిని గిన్నెలా వంచి అమ్మ గడ్డం కింద పట్టింది.

"పరవాలేదమ్మా," అంది. "ఉమ్మెయ్."