పనికొచ్చే చెవుడు

పాలకొల్లు బజారులో బెల్లం కొట్టు నడిపే జోగేశ్వరరావుకి ఒక వానాకాలం జలుబుతోపాటు చెవుడొచ్చింది. జలుబు తగ్గింది. నాలుగు రోజులు పోయాక కుడిచెవీ తెరిపినపడింది. ఎడంచెవి మాత్రం మొండికేసింది. అయితే ఈలోగా ఆయనొక సంగతి కనిపెట్టాడు. "ఇంకాస్త తగ్గించండి శెట్టిగారూ" అనే బేరగాణ్ణి "ఆఁ? ఏంటన్నారూ?" అని పదేపదే అడిగితే, వాడి గొంతు తగ్గుతుంది గాని మన ధర తగ్గదు.

అంత పనికొచ్చే వస్తువును ఏ వర్తకుడైనా వదులుకుంటాడా? కుడిచెవి బాగుపడిన ముక్క ఆయన ఎవరికీ చెప్పలేదు. కొట్టులో కుదురుకున్న చెవుడు మెల్లిగా ఇంటికీ వచ్చేసింది.

రోజూ పొద్దున్నే కొట్టుకి వెళ్ళేముందు ఆయన వీధి అరుగు మీద కాఫీ తాగుతాడు. ఆ వేళకి కోడలు రాజేశ్వరి చేటలో బియ్యం పోసుకుని వచ్చి పక్కన కూర్చుంటుంది.

"ఏం వండినా 'మీ తునిలో ఇలాగే ఏడుస్తారా' అంటారు అత్తయ్యగారు. పనసపొట్టు కూర తినాలని ప్రాణం లాగేస్తోంది మావయ్యగారూ. అడిగితే నోరెక్కువంటారు. మీకు చెప్పుకుంటే గోడకి చెప్పుకున్నట్టే, అయినా మనసు తేలికపడుతుంది."

"అవునమ్మా, వానొచ్చేలాగే ఉంది" అనేవాడాయన.

ఆ సాయంత్రం సంచీలో పనసపొట్టు వచ్చేది. "చవగ్గా ఇచ్చాడే" అనేవాడు.

కోడలు లేచాక భార్య అన్నపూర్ణమ్మ వచ్చేది. పొయ్యి దగ్గర కూర్చుని లేస్తుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయని, ఈ ఇంట్లో ఎవరికీ పట్టదని ఆవిడ గోడు. మర్నాటికి వంటింట్లో ఎత్తుపీట వెలిసేది. "వడ్రంగి అంటగట్టాడు" అనేవాడు.

ఒక్క బెంగ మాత్రం ఆయన్ని తినేసేది. వినపడుతోందని తెలిస్తే ఈ ఇద్దరూ మళ్ళీ అరుగెక్కుతారా? 'ఇన్నాళ్ళూ దొంగలా మా కడుపులో మాటలు వింటావా' అని మొహం చాటెయ్యరూ?

అరుగు దగ్గరికి రానివాడు కొడుకు నాగేశ్వరప్రసాద్ ఒక్కడే. చెవిటివాడితో మాట్లాడి గొంతు చించుకోవడం దేనికనుకునే రకం. పాపం, తండ్రంటే ప్రేమే. ఓ రోజు బలవంతాన రాజమండ్రి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు. అక్కడ ఏ చప్పుడు చేసినా జోగేశ్వరరావు "లేదండి, వినపళ్ళేదండి" అన్నాడు. మరేం అంటాడు? ఫలితం, జేబులో పెట్టుకునే పెట్టె, దాన్నుంచి చెవిలోకి ఒక వైరు. బాగున్న కుడిచెవిలోనే దిగ్గొట్టాడు ప్రసాద్.

పోపులో ఆవాలు చిటపటమంటే దీపావళి. గ్లాసు కింద పెడితే పిడుగు. అప్పడం కొరికితే తన దవడ తనకే విరిగినట్టుంది.

అంతకంటే ఘోరం, మర్నాటి నుంచి అరుగు మీద కాకి కూడా వాలలేదు. అరుగు మీద దిగవలసిన మాటలన్నీ వంటింట్లోనే ఎదురెదురుగా పేలడం మొదలెట్టాయి. ఆదివారం పనసపొట్టు కూర మీద మంట రాజుకుంది.

"పొయ్యిమీద ఉండగానే ఆవ కలిపితే చేదెక్కదూ? దించి చల్లారాక కలపాలని మీ అమ్మ చెప్పలేదా?" అంది అత్త.

"మా అమ్మ ఊసెందుకండీ? చేదుంటే మానెయ్యండి!"

"విన్నారుగా!" అంది అన్నపూర్ణమ్మ మొగుడికేసి తిరిగి. "ఇప్పుడు వినపడుతుందిగా! చెప్పండి, ఎవరిది తప్పో!"

"చెప్పండి మావయ్యగారూ. మీరూ నాదే తప్పంటే ఈ నెలాఖరుకి స్టేషను దగ్గర ఇల్లు తీసుకుని వేరుపడతాం."

"అదేంటే!" అన్నాడు ప్రసాద్ ముద్ద దిగక. "నాన్నా, నువ్వే తీర్పు చెప్పెయ్యి."

జోగేశ్వరరావుకి చెమటలు పట్టాయి. అటంటే కాపురం చీలుతుంది, ఇటంటే కొంప కూలుతుంది.

"బేటరీ అయిపోయినట్టుందిరా..."

"నిన్ననేగా కొత్తది వేశాను!"

"అలాగా? ఏదీ, ఆ గిన్నె ఇలా జరపండి" అంటూ ముందుకు వంగాడు. పడిందో, పడేశాడో, పైజేబులోంచి పెట్టె జారి మజ్జిగపులుసులో బుడుంగున మునిగింది. పైన వైరొక్కటే కరివేపాకు రెబ్బలా తేలింది.

ముందు నవ్వింది రాజేశ్వరి. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక అత్తగారూ నవ్వేసింది. "పన్నెండొందలు!" అని ప్రసాద్ ఒక్కడే నెత్తి పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న అన్నపూర్ణమ్మే కాఫీ పట్టుకుని అరుగు మీదికొచ్చింది.

"మిషను పోతే పోయింది లెండి. పీడా వదిలింది."

"ఆఁ?"

"ఆఁ లేదు, ఊఁ లేదు. ఎత్తుపీట దానంతటదే నడిచొచ్చిందా? మీకు వినపడుతుందని నాకు తెలీదనుకున్నారా?"

ఆయన వంటింటివైపు తొంగిచూశాడు. "కోడలికి...?"

"కాపరానికొచ్చిన నెలకే పసిగట్టింది. 'మావయ్యగారికి ఈ పక్క నుంచి చెపితే పనవుతుందండీ' అని చెప్పిందీ అదే."

"మరి తెలిసీ ఎందుకు చెప్పారే నాకు?"

"విన్నాననేవాడు తీర్పు చెప్తాడండీ. మీరు పనసపొట్టు తెస్తారు."

జోగేశ్వరరావు అరుగు అటూ ఇటూ చూశాడు. ఎడమపక్క వేలెడు మందాన దుమ్ము. కుడిపక్క గచ్చు, కూర్చుని కూర్చుని అద్దంలా నున్నబడి ఉంది. ఇన్నేళ్ళూ నీడకోసం అటు కూర్చుంటున్నారనుకున్నాడు. ఆయనకి కళ్ళు చెమర్చాయి. కాఫీ ఆవిరి మీద నెపంపెట్టి కండువాతో తుడుచుకున్నాడు.

అంతలో రాజేశ్వరి చేటతో వచ్చింది. "లేవండి అత్తయ్యగారూ, ఇప్పుడు నా వంతు."

ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్ళింది. కోడలు కుడిపక్కన కూర్చుని, గుమ్మందాకా వినపడేంత గట్టిగా అంది.

"ఆవ ఎప్పుడు కలపాలో అత్తయ్యగారి దగ్గర నేర్చుకోవాలనుంది మావయ్యగారూ. అడిగితే అలుసైపోతానేమోనని."

"ఏంటోనమ్మా," అంది అన్నపూర్ణమ్మ గుమ్మంలోంచే, "ఈమధ్య నాక్కూడా సరిగ్గా వినపడ్డంలేదు." లోపల అలమరలోంచి ఆవాల డబ్బా దింపిన చప్పుడైంది.

"అవునవును," అన్నాడు జోగేశ్వరరావు ఎండలోకి చూస్తూ, "వానొచ్చేలాగే ఉంది."