గిర్నీలో గూటి దీపం

మిర్యాలగూడ నుంచి వేములపల్లి పోయే బాటలో వడ్లు పట్టించే పాత గిర్నీ ఒకటి ఉండేది. పొద్దుగూకితే అటు ఎడ్లబండి కూడా తిప్పేవారు కాదు. గిర్నీ ఆగిపోయాక కూడా లోపల ఊక మీద ఎవరో నడుస్తారని, గోడకు చెవి ఆనిస్తే కరకర వినిపిస్తుందని చెప్పుకునేవారు. ఆ చెవి ఆనించిన మొనగాడెవడో మాత్రం ఎవరూ చెప్పలేదు! రజాకార్ల రోజుల్లో అందులో తలదాచుకున్నవాళ్లలో కొందరు మళ్లీ పగలు చూడలేదన్నది మాత్రం... అందరూ ఒప్పుకునే మాటే.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు, సూర్యాపేటలో చదువుతూ సెలవులకొచ్చిన పిల్లలకు సరిగ్గా ఆ గిర్నీలోనే నాటకం ఆడాలని బుద్ధి పుట్టింది. కిరాయి లేదు, పైన రేకులున్నాయి, గాలికి దీపాలు ఆరిపోవు. పగలంతా కలిసి వేదిక కట్టారు. చీకటి పడ్డాక వెలుగు ఎట్లా పడుతుందో చూసుకోవడానికి ఇద్దరే మిగిలారు. కొడుకు వేషం కట్టే కాశీరాం, తెర గీసిన పర్వతాలు అనే కుర్రాడు.

తెల్ల దుప్పటి మీద బొగ్గుతో, ఎర్రమన్నుతో పర్వతాలు ఒక ఇల్లు గీశాడు. తలుపు, తలుపు పక్కన దీపపు గూడు. అడవికి పోయిన కొడుకు కోసం ఆ ఇంట్లో తల్లి ఎదురుచూడాలి. అదీ నాటకం.

“ముందట పెట్రోమాక్స్ పెడదాం రా. మొఖాలు కనబడొద్దా?” అన్నాడు కాశీరాం.

“వద్దు. గూడు కాడ గుడ్డ కోసి ఎనక నూనె దీపం పెడత. గంతే.”

పర్వతాలుకు ఆ దీపం బాగా తెలుసు. వాళ్లన్న బీరన్న కమ్యూనిస్టు దళంలోకి పోయినప్పుడు, తల్లి భద్రమ్మ ఇంటి వెనక గూట్లో అట్లాగే దీపం పెట్టేది. ఊళ్లో పోలీసులు లేరు, రావచ్చు అని దాని అర్థం. అది చూశాకే బీరన్న చేలకడ్డంపడి వచ్చి, నాలుగు మెతుకులు తిని పోయేవాడు. ఏడాదిగా రావడం లేదు. ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు. కొడుకు తినకుండా తనకు ముద్ద దిగదని భద్రమ్మ రాత్రి తిండి మానేసింది. మనిషి ఎండి పుల్లయింది. ఇట్లాగే ఉంటే అమ్మ దక్కదని పర్వతాలుకు భయం.

గూటి దీపం వెలిగించి, పెట్రోమాక్స్ ఆర్పి, ఇద్దరూ తెర ముందుకొచ్చి కూర్చున్నారు...

బొమ్మ ఇల్లు కాస్తా అచ్చం తమ ఇల్లయి కూర్చుంది. పర్వతాలుకు ఏడుపొచ్చింది.

అప్పుడు — ఊక కరకరలాడింది. తెర వెనక.

“ఎవల్నన్న రమ్మన్నవారా?” కాశీరాం గుసగుసలాడాడు.

“లే... లేదు.”

అడుగులు దీపం దాటి తెర దాకా వచ్చి ఆగాయి. తెర మీద నీడ పడింది. తల మీద గొంగడి, చేతిలో కర్ర, ఒక పక్కకు జారిన భుజం... ఆ భుజం ఎవరిదో పర్వతాలుకు ఒకరు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు దాని మీదెక్కే జాతరలు చూశాడు.

టక్... టక్...

తట్టింది గుడ్డ మీద గీసిన తలుపు. చప్పుడు మాత్రం చెక్క తలుపుది!

కాశీరాం చెప్పులు కూడా వెతుక్కోలేదు. లేచి ఒకటే పరుగు. మిర్యాలగూడలో గానీ ఆగలేదట.

“అన్నా...?”

“దీపం సూసి వచ్చిన తమ్మీ.” గొంతు బీరన్నదే. దాంట్లో ఊపిరే లేదు. “అమ్మ తిన్నదా?”

“నువ్వు రాక తింటలేదే... లోపలికి రా అన్నా.”

నీడ ఒకడుగు వెనక్కి జరిగింది.

“నేనిగ రాను. నా కోసం సూడొద్దను... జర తినుమను.”

పర్వతాలు తెర పట్టుకుని లాగేశాడు. దీపం నిలకడగా వెలుగుతోంది. మనిషి లేడు. దీపం పెట్టడానికి పోయినప్పుడు పడిన తన అడుగులు తప్ప ఊక మీద ఇంకో అడుగుజాడ లేదు.

ఏడుస్తూ ఇంటిదారి పట్టాడు. అన్న మాట చెప్పాలి. చెబితే అమ్మ తట్టుకుంటుందా? చెప్పకపోతే తింటుందా? ఏమీ తోచకుండానే గడప ఎక్కాడు.

పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది. భద్రమ్మ ముఖం వెలిగిపోతోంది.

“బిడ్డా, జర ముందుగాల వస్తే అన్నను సూసెటోనివి!” అంది గొంతు తగ్గించి. “ఇప్పుడే పోయిండు. ఎవలన్న సూస్తరని బుడ్డి గూడ ఆర్పిన. చీకట్లనే వడ్డిచ్చిన. నువ్వు తింటేనే తింట అన్నడు... నేను గూడ కడుపునిండ తిన్నరా.”

ఏడాది తర్వాత ఆమె నవ్వడం చూశాడు పర్వతాలు. ఆమె చేతికింకా మెతుకులు అంటుకునే ఉన్నాయి.

“మూలకు కూసొని తిన్నడు. కంచం గాడనే ఉన్నది, తీస్త ఉండు” అంటూ బుడ్డి ముట్టించబోయింది.

“నువ్వు కూసో. నేను తీస్త.”

మూలకు పోయి తడిమాడు. కంచం నిండా జొన్నరవ్వ ఉడికించిన గటుక. పెట్టింది పెట్టినట్టే చల్లారి, పైన అట్టకట్టింది. ఎక్కడా వేలు పెట్టిన గుర్తు లేదు.

చచ్చినోళ్లకు వడ్డించిన ముద్ద పిట్టకు పెట్టాలే తప్ప ఇంట్లోవాళ్లు ముట్టరు. పర్వతాలుకు అది తెలియక కాదు.

తల్లికి వీపు తిప్పి కూర్చున్నాడు. చప్పుడు కాకుండా ముద్ద తర్వాత ముద్ద మింగాడు. తల్లి పొయ్యిలో నిప్పు ఊది బుడ్డి వెలిగించేసరికి లేచి, ఖాళీ కంచం వెలుగులోకి చాపాడు.

“ఒక్క మెతుకు ఇడ్వలేదే అమ్మా, అన్న.”