కవర్ స్టోరీలో అన్నయ్య లేడు

"నీ కవర్ స్టోరీలో అన్నయ్య లేడు," అన్నాడు చీఫ్. "డాక్టర్ అడిగితే లేడనే చెప్పు."

ఎదురుగా ఉన్న గూఢచారిని డిపార్ట్‌మెంట్‌లో డేగ అంటారు. అసలున్న అన్నయ్య, కాలేజీ రోజుల్లో ఎవరో సరదాకి ఇచ్చిన మత్తుమందు ఒక్క డోసుకే మతి చలించి, ఇప్పటికీ ఆసుపత్రి గోడలతో గొడవపడుతున్నాడు. తమ్ముడు వెళితే "ఎవరు బాబూ నువ్వు?" అంటాడు.

డిప్రెషన్‌కు అలాంటిదే, భ్రమలు పుట్టించే సైకెడెలిక్ మందుతో చికిత్స చేసే ఆ క్లినిక్ చాలామందిని నిజంగానే నిలబెట్టింది. అయితే మందు ప్రభావంలో మనసు విప్పిన ఆఫీసర్ల మాటలన్నీ శత్రుదేశపు ముఠా చెవిన పడుతున్నాయి. మధ్యాహ్నం మిసైల్ సైంటిస్టు వంతు. ఈలోగా డేగ పేషెంటుగా వెళ్లి మైకు ఎక్కడుందో పట్టుకోవాలి.

"అక్కడ మన ఏజెంట్ ఉంది. 'కిటికీ వేయమంటారా' అంటే ఆవిడే."

"సార్, మా అన్నయ్య..."

"ట్రైనింగ్ ఉందిగా. ఏం కాదు."

క్లినిక్ గదిలో మెత్తని పరుపు, కళ్లకు కట్టుకునేందుకు గంతలు, సన్నని సంగీతం. లేడీ డాక్టర్ చూపు తిప్పుకోలేనంత అందగత్తె. డేగ చూపు మాత్రం ఆమె చేతిలోని గ్లాసు మీదే ఉంది.

"మీ ఇంట్లో ఎవరికైనా మతి చలించిందా?"

"లేదు."

అబద్ధమాడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. గటగటా తాగేసి, అన్నయ్య కళ్లు తలచుకుంటూ గోడల వంక చూశాడు. ఎంతసేపటికీ గోడలు కదల్లేదు.

ఆమె సంగీతం సౌండ్ పెంచి వంగింది. "కిటికీ వేయమంటారా? నేనిచ్చింది మంచినీళ్లే. ఈ మందు మెదడు పట్టు సడలిస్తుంది. దిగులుతో కూరుకుపోయినవాళ్లకు కొందరికి అదే మేలు. మతి చలించే గుణం ఉన్న మీ ఇంటివాళ్లకు మాత్రం తిరిగిరావడం కష్టం. మీ అన్నయ్యకు వైద్యం చేసింది నేనే. మిమ్మల్ని పంపొద్దని మీ చీఫ్‌కు ముందే చెప్పాను."

డేగ పరుపు మీంచి లేచి కూర్చున్నాడు.

"మైకు స్పీకర్ వెనక ఉందని నాకు ఇవాళ పొద్దునే తెలిసింది. వినేవాడు పైగదిలో. నేను వాళ్ల మనిషినే అనుకుంటున్నారు, పాపం."

మధ్యాహ్నం సైంటిస్టు కళ్లు మూసుకుని "మిసైల్ కోడ్..." అనేసరికి, పైగదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడి మెడ డేగ చేతిలో చిక్కింది. వైరు తెగింది. కోడ్ అంకెలు కింది గదిలోనే ఉండిపోయాయి.

సాయంత్రం చీఫ్ వీపు తట్టాడు. "భేష్! డోసు తాగినా చెక్కుచెదరలేదే! మందు పనిచేయలేదా ఏంటి?"

నీళ్లని చెబితే డాక్టర్ ఉద్యోగం ఊడుతుంది.

"పనిచేసింది సార్," అన్నాడు డేగ. "మీరు చాలా స్పష్టంగా కనిపించారు."