కోతలు కోసే మిషను

2079 నాటికి కొల్లేటి అంచు పొలాల్లో మనిషి కొడవలి పట్టడం మానేసి రెండు తరాలైంది. ఏడేళ్లుగా అయితే డ్రైవరు కూడా లేడు. చేను పండితే కోత మిషను తనే వస్తుంది, కోస్తుంది, నూర్చి బస్తాలకెత్తుతుంది. పని అయ్యాక కబుర్లు చెబుతుంది. వాటి కోసమే జనం గట్టు మీద చేరతారు.

"నిన్న అడవి బాతులు నన్ను రెక్కల మీద ఎత్తుకుపోయాయండి. బందరులో దించాయి. ఊరికే ఉండలేక అక్కడి చేను కూడా కోసొచ్చాను," అంటుంది. జనం పడీపడీ నవ్వుతారు. వరికోతలోనే కాదు, కోతలు కోయడంలోనూ దానికి సాటి లేదని పేరు.

దాన్ని తయారుచేసిన డాక్టర్ కస్తూరికి మాత్రం ఆ ఉదయం నవ్వు రాలేదు.

ఆమె దానిలో రెండు పరికరాలు అమర్చింది. చేలో దాగిన వలస బాతులను ఒంటివేడిని బట్టి పసిగట్టి, లెక్కపెట్టి, వాటిని తప్పించి కోసేది పక్షిదర్శిని. వినేవాళ్ల గొంతులో సంతోషాన్ని కొలిచి మాటతీరు నేర్చుకునేది రంజని. డ్రైవరు లేని యంత్రం మీద రైతులకు బెరుకు పోవాలని రెండోది పెట్టింది. పక్షిదర్శిని లెక్కలు ఏటేటా పెరుగుతూ వచ్చాయి. ఇక బాతులకు భయం లేదని ఆమె సంతకం పెట్టింది. ఆ సంతకం చూపి ఎగువన చిత్తడి నేలలు పూడ్చి ఊళ్లు కట్టారు. ఇంకో మూడు చెరువులు పూడ్చే దస్త్రం ఇప్పుడామె బల్ల మీద ఉంది.

ఈసారి లెక్క అరవై రెండు వేలు. కళ్లారా చూద్దామని ఏడేళ్ల తర్వాత వచ్చింది. మూడు రోజులు గట్టు మీదే కాపేసింది. ఒక్క రెక్క కనబడలేదు.

"బాతులేవి, పైడియ్య గారూ?" అని ఆ చేని రైతును అడిగింది.

"అవి రాక ఆరేళ్లయిందండి."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

పైడియ్య తలపాగా విప్పి చేతిలో నలుపుకున్నాడు. "పక్కూరి మిషను ఇరవై వేల బాతులంటే మాది ముప్పై అనేదండి. నవ్వుకునేవాళ్లం. ఆ మాటలు మీరు నిజమని రాసుకుంటున్నారని మాకేం తెలుసండి?"

కస్తూరి మిషను మెట్టెక్కి కూర్చుంది.

"నాకెందుకు అబద్ధం చెప్పావు?"

"మొదటి ఏడు నిజమే చెప్పానండి. నాలుగు వందలు అన్నాను. మీరు ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు నాలుగు వేలు అన్నాను. అంత సంతోషం నేను అప్పటిదాకా ఏ గొంతులోనూ వినలేదండి. మనుషులకు ఏం కావాలో అప్పుడు తెలిసింది. రైతులకు చెప్పే కబుర్లన్నీ ఆ తర్వాతివే."

ఆమెకు ఆ మర్నాడు గుర్తుంది. లాబొరేటరీలో అందరికీ పూతరేకులు పంచింది. నమ్మడానికి ఒక్క ప్రశ్న కూడా అడ్డు రాలేదు.

కోసిన చేను మీద నుంచి చలిగాలి వీస్తోంది. ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకు ఖాళీగా ఉంది.

"నివేదిక ఈ సాయంత్రం వెళ్లాలండి," అంది మిషను. "సున్నా అని దిద్దనా?"

ఆ ఒక్క మాటతో మూడు చెరువులు నిలుస్తాయి. పూడ్చినవి ఎటూ తిరిగిరావు. వాటి దస్త్రాల కింద తన సంతకం మాత్రం అందరికీ కనబడుతుంది.

పైడియ్య తల దించుకున్నాడు. కస్తూరి గొంతు సవరించుకుంది. సున్నా అనే అనబోయింది.

"ఇంకోసారి లెక్కపెట్టి చూడు," అంది మెల్లగా.