బస్టాప్ వెనక పుట్టగొడుగులు

"ఎవరు మీరు? ఇక్కడేం చేస్తున్నారు?"

నాచు మీద కూర్చున్న యువకుడు ఉలిక్కిపడి లేచాడు. చేతిలో ఫోను ఉంది. బుట్ట లేదు, కత్తి లేదు. సెప్టెంబరు నెలలో, పొద్దున్న ఆరింటికి, జూకియా పైన్ అడవిలో వట్టి చేతులతో తిరిగే మనిషిని వైవా తన ఇరవై ఆరేళ్లలో చూడలేదు.

"వైవా అంటే మీరేనా?" అన్నాడతను.

"ముందు నేనడిగింది చెప్పండి. ఈ చోటు మీకెవరు చెప్పారు?"

"మీరే."

"నేనా? కన్నతల్లి అడిగినా చెప్పను!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. పేరు లీనస్ అన్నాడు. సముద్రం పక్క ఊరి నుంచి వచ్చి, ఇక్కడి పట్నంలో పుట్టగొడుగుల పండగ ఫొటో పోటీకి వెబ్‌సైటు నడుపుతున్నాడట.

"మీరు పంపారు కదా, పెద్ద బరవీకాస్ పుట్టగొడుగు ఫొటో. మీ ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉంది. ఎక్కడ తీశారో ఆ ఫొటో లోపలే రాసిపెట్టుకుంది. కంటికి కనబడదు కానీ, దించుకున్నవాళ్లెవరైనా చూడొచ్చు. మామూలుగా అయితే సైటులో పెట్టేముందు ఆ వివరం తుడిచేయాలి. ఫొటో నాణ్యత తగ్గుతుందేమోనని నేను వచ్చినవి వచ్చినట్టే పెట్టేశాను. తప్పు నాదే."

వైవా తన ఫోను తీసి ఆ ఫొటోకేసి చూసింది.

"మీరు పేరొక్కటే రాశారు. ఫోన్ నంబరు లేదు, ఊరు లేదు. మిమ్మల్ని పట్టుకోడానికి నాకు తెలిసిన చిరునామా ఈ చెట్టు ఒక్కటే. మూడు రోజులుగా పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నాను."

"ఎంతమంది దించుకున్నారు?"

"ముప్పై ఒక్కరు."

ఆమె అక్కడే చతికిలపడింది.

అమ్మమ్మ జోసెకి ఎనభై ఒకటి. ఒకప్పుడు నది అవతల కూడా ఆమెకి పుట్టగొడుగుల చోట్లు పదకొండు ఉండేవి. మోకాళ్లు అరిగేకొద్దీ ఒక్కొక్కటే దూరమయ్యాయి. ఇప్పుడు ఆమె తన కాళ్ల మీద నడిచి రాగలిగింది ఇదొక్కటే. శనివారం సెలవు కదా, జనం వచ్చి నాచంతా పీకి పారేస్తే, పుట్టగొడుగులు మళ్లీ మొలకెత్తడానికి ఎన్నేళ్లు పడుతుందో! అన్నేళ్లు అమ్మమ్మ దగ్గర లేవు.

"మిగతావాళ్ల ఫొటోలన్నిట్లో లొకేషన్ తుడిచేశాను. మీది పూర్తిగా తీసేస్తాను," అన్నాడు లీనస్.

"తీయకండి!"

"అదేంటి?"

"మీకు మా వాళ్ల సంగతి తెలీదు. ఇక్కడ చోటు గురించి ఎవరూ నిజం చెప్పరు. మా పెద్దమ్మ బుట్ట నింపుకున్నాక ఊరంతా చుట్టి అవతలి దారిలో ఇంటికొస్తుంది, ఎటెళ్లిందో తెలీకూడదని. ఇప్పుడు ఆ ముప్పై ఒక్కరూ, ఇది నిజమా, జోసె మనవరాలు వేసిన వలా అని బుర్ర గోక్కుంటూ ఉంటారు. తీసేశామంటే నిజమేనని డప్పు కొట్టినట్టే."

"మరి?"

"వేరే చోట్లవి ఇంకో ఏడు ఫొటోలు పెడదాం. లొకేషన్‌తో సహా."

ఆ మధ్యాహ్నమే వైవా సైకిలెక్కింది. బుట్టలో ఒక పెద్ద బరవీకాస్, చాపలా చుట్టిన నాచు. బస్టాప్ వెనక నాచు పరిచి, పుట్టగొడుగు నిలబెట్టి, ఒక ఫొటో. శ్మశానం గేటు దగ్గర ఒకటి. ఫాదరు గారి బేరిచెట్టు కింద ఒకటి. లీనస్ వెనకాల ఇంకో సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు.

"ఇది మోసం కాదూ?"

"పుట్టగొడుగు బస్టాప్ దగ్గర ఉందా లేదా?"

"మనం పెడితే ఉంది."

"ఉందా లేదా?"

"ఉంది."

"మరింకేం? పోటీ నుంచి నా పేరు కొట్టేయండి, ఆ పాపం కూడా ఉండదు. ఆ నాచు కాస్త ఇటు జరపండి. చేతులున్నాయిగా!"

"నాకు అబద్ధం చెప్పడం రాదండీ. చిన్నప్పటి నుంచీ అంతే. చెవులు పట్టిచ్చేస్తాయి."

"చూశాను," అంది వైవా నవ్వు ఆపుకుంటూ. "అందుకే మిమ్మల్ని నమ్మాను. లేకపోతే పొద్దున్నే కత్తి తీసేదాన్ని."

నాలుగో చోట వాన పట్టుకుంది. ఇద్దరూ ఒకే రెయిన్‌కోటు కింద పుట్టగొడుగుని తడవకుండా కాపాడారు. వాళ్లు మాత్రం బాగా తడిశారు. అయిదో చోటికి వెళ్లేసరికి 'మీరు' ఎక్కడో జారిపోయి 'నువ్వు' వచ్చేసింది.

శనివారం తెల్లవారుతూనే ఇద్దరూ అసలు చోటు దగ్గర పొద వెనక కాపలా కూర్చున్నారు. ఏడయింది, ఎనిమిదయింది. ఒక్క కారు కూడా ఆగలేదు. తొమ్మిదింటికి వైవా ఫోనుకి పెద్దమ్మ ఒక ఫొటో పంపింది. బస్టాప్ వెనక ముగ్గురు పెద్దమనుషులు నాలుగు కాళ్ల మీద పాకుతున్నారు.

వైవా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆ చెయ్యే తీసి కళ్లు తుడుచుకుంది. లీనస్ తన జేబు తడుముకున్నాడు. జేబురుమాలు ఇచ్చాడు.

ఆ సాయంత్రం అమ్మమ్మ అతన్ని భోజనానికి పిలిచింది. కాస్త గుర్రుగానే పిలిచింది.

"ముప్పై ఒక్కరి సంగతి సరే. ముప్పై రెండోవాడు వీడున్నాడుగా! వీడికి చోటు తెలుసు, వీడికి అబద్ధం రాదు. ఎవరైనా నిలదీసి అడిగితే?"

"ఎవరడుగుతారే అమ్మమ్మా?"

పుల్లమీగడలో ఉడికిన బరవీకాస్ బల్ల మీదికి వచ్చిందో లేదో, తలుపు తోసుకుని పక్కింటి బ్రోన్యస్ వచ్చాడు. ప్యాంటు మోకాళ్లకి మట్టి.

"ఏం పిన్నీ, ఊరందరినీ వెర్రివాళ్లని చేశారుగా! ఏడు చోట్లు తిరిగాను. ఫాదరు గారు నన్ను బేరికాయల దొంగనుకున్నారు." గిన్నె వైపు చూశాడు. "ఆహా! మరి ఇవెక్కడివి?"

"దొరికాయిరా, దొరికాయి," అంది అమ్మమ్మ.

"నిన్నడిగి లాభం లేదులే." బ్రోన్యస్ కుర్చీ లాక్కుని లీనస్‌కి ఎదురుగా కూర్చున్నాడు. "బాబూ, నువ్వు సముద్రం వైపువాడివి. మొహం చూస్తేనే తెలుస్తోంది మంచివాడివని. నువ్వు చెప్పు. ఎక్కడివి?"

అమ్మమ్మ చేతిలో గరిటె గాల్లో ఆగింది.

లీనస్ చెవులు ఎర్రబడ్డాయి. నీళ్లు తాగాడు. గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. తర్వాత బ్రోన్యస్ కళ్లలోకి సూటిగా చూశాడు.

"బస్టాప్ వెనక. బెంచీకి ఎడం పక్క. మీరు కుడి పక్క వెతికినట్టున్నారు."

బ్రోన్యస్ కుర్చీ వెనక్కి జరిపాడు. టోపీ తీసుకుని, "చీకటి పడకముందే పోవాలి," అంటూ లేచాడు. తలుపు వేసుకోవడం కూడా మర్చిపోయాడు.

అమ్మమ్మ గరిటె నిండా తీసి లీనస్ కంచంలో వేసింది. బంగాళాదుంపలు వేసింది. మళ్లీ వేసింది.

"తిను నాయనా. ఎంత చిక్కిపోయావో!"

వైవా అతని వైపు వంగింది. "నా కోసమేనా?"

"కాదు. అమ్మమ్మగారి మోకాళ్ల కోసం." చెవులు ఈసారి నిప్పుల్లా ఉన్నాయి. "ఇది రెండో అబద్ధం."

బల్ల కింద అతని చెయ్యి ఎక్కడుందో వెతికి పట్టుకుంది వైవా. దాన్ని అక్కడే దాచలేదు. అమ్మమ్మ చూస్తుండగానే పైకి తెచ్చి బల్ల మీద, వెలుతుర్లో పెట్టింది.